జైతూన్‌బీ పాలుకిచ్చిన పెట్టలు

మా వీధిలో ఏ దొడ్లోకి తొంగిచూసినా జైతూన్‌బీ పెట్ట ఒకటి కనబడుతుంది. అది ఆ ఇంటి నూకలు తింటుంది, ఆ ఇంటి వాకిట్లోనే రెట్ట వేస్తుంది, చీకటి పడితే ఆ ఇంటి గంప కిందికే దూరుతుంది. అయినా అది జైతూన్‌బీదే. దీన్ని మేము పాలుకివ్వడం అంటాం. పాలు అంటే వాటా. పెట్ట ఆమెది, మేపు మనది. పెట్టిన గుడ్లు మనం వండుకోవచ్చు. పొదగేస్తే మాత్రం దిగిన పిల్లల్లో సగం ఆమెవి, సగం మనవి. దీనికి కాగితమూ లేదు, పెద్దమనిషీ లేడు. పిల్లలు దిగాయని తెలిస్తే ఆమె వచ్చి గంప ఎత్తి చూస్తుంది. "నావి నీ కాడే పెరగనీమ్మా, కావాల్సినప్పుడు తీసుకుంటాలే" అని గంప మూసి వెళ్ళిపోతుంది. ఆ కావాల్సినప్పుడు ఎప్పుడొస్తుందో ఎవరమూ ఆలోచించలేదు.

కావలి నుంచి సముద్రం వైపు వస్తే రొయ్యల గుంటలు అయిపోయి సరుగుడు తోటలు మొదలయ్యే చోట ఉంటుంది మా వీధి. రెండు వరసల ఇళ్ళు, మా చర్చి, మాల్యాద్రి టీ అంగడి. జైతూన్‌బీ దొడ్డికీ మా దొడ్డికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం.

ఆమె ఈ వీధికి కాపురానికి వచ్చినప్పుడు భర్త నాగూర్ టైలరు పని చేసేవాడట. కొడుకు సైఫుల్లా నడక నేర్చే వయసులో ఆయన కామెర్లతో పోయాడు. పుట్టింటివాళ్ళు వచ్చి రమ్మన్నారు. ఆమె పోలేదు. కుట్టుమిషను అమ్మేసి పెట్టల్ని కొన్నది. ఆ పెట్టలతోనే కొడుకును చదివించింది, పెళ్ళి చేసింది. గుంటల దగ్గర పారేసే రొయ్య తలకాయల్ని తెచ్చి ఇసుకలో ఎండబెట్టి, దంచి, తవుట్లో కలిపి వేస్తుంది. అందుకే ఆమె కోళ్ళ గుడ్డు పగలగొడితే సొన పండు నారింజ రంగులో ఉంటుంది.

"అన్నీ నీ దొడ్లోనే పెంచుకోక ఊరంతా ఎందుకక్కా పంచిపెడతావు?" అని మాల్యాద్రి ఒకసారి అడిగాడు.

"ఒకే దొడ్లో పెట్టుకుంటే ఒకే రోజు పోతాయి నాయనా. పది ఇళ్ళల్లో ఉంటే పది ఇళ్ళూ ఒక్కసారే పోతాయా?" అన్నది.

ఎదురింటి పేరమ్మ ఒక్కతే ఆమెకు చిక్కేది కాదు. పేరమ్మ పెట్ట పొదిగినప్పుడల్లా పిల్లలు దిగేవి, నాలుగు నాళ్ళకు కనబడకుండా పోయేవి. అడిగితే, "ఏం చెప్పమంటావు బీబీ, పిల్లి ఎత్తుకపోయింది" అని చీరకొంగు మూతికి అడ్డం పెట్టుకొనేది. ఆ పిల్లిని వీధిలో ఎవరమూ చూడలేదు.

"మీ ఇంటి పిల్లికి అంత ఆకలయితే దానికి కూడా ఒక పెట్టను పాలుకిస్తాలే పేరమ్మా" అనేది జైతూన్‌బీ. అనేసి, మరుసటి ఏడు మళ్ళీ పెట్టను ఇచ్చేది.

మా ఆయన జడ్సన్ పోయింది మే నెలలో. రొయ్యల గుంటల నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు రిపేరు చేసేవాడు. పొద్దున సంచి తగిలించుకొని పోయిన మనిషిని మధ్యాహ్నం వేరేవాళ్ళు తీసుకొచ్చారు. గుండె ఆగిందన్నారు. మాకు పిల్లలు లేరు. సంఘం ఆడవాళ్ళు వచ్చి ప్రార్థన చేసి పోయేవాళ్ళు. తర్వాత తర్వాత ఎవరన్నా తలుపు కొడితే నిద్రపోతున్నట్టు ఊరుకొనేదాన్ని. పొద్దున కసువు ఊడ్చి, ఇంత వండుకొని, తలుపు మూసుకొనేదాన్ని. అట్లా వానలు వచ్చాయి.

ఒకరోజు దొడ్డి తలుపు దగ్గర, "అమ్మణ్ణీ" అని వినబడింది. పలకలేదు. అయినా జైతూన్‌బీ లోపలికి వచ్చింది. నన్ను అట్లా పిలిచేది ఆమె ఒక్కతే. చంకలో ఒక ఎర్ర పెట్ట, ఒడిలో గుడ్లు. ఓదార్పు మాట ఒక్కటి మాట్లాడలేదు.

"దీన్ని పొదగెయ్యాల. మా ఇంట్లో పుంజుల గోలకు ఇది గుడ్ల మీద నిలవడంలా. పేరమ్మ ఇంట్లో చూస్తే టీవీ. మాల్యాద్రి ఇంట్లో మొగుడూ పెండ్లాం కొట్లాట. ఈ వీధిలో సద్దు లేని ఇల్లు మీదొక్కటే" అన్నది.

ఇల్లు మూగబోయింది అని వచ్చినవాళ్ళందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ మూగతనంతో ఒక పని ఉందని చెప్పింది ఈమె ఒక్కతే. నేను కాదనే లోపలే వంటింటి మూల చీకటి చూసుకొని, నా గంప తీసుకొని, అడుగున ఇసుక పోసి, పైన వరిగడ్డి పరిచింది.

"ఒక ఇనప ముక్క ఉంటే ఇయ్యి."

"ఎందుకక్కా?"

"వానల కాలం గదా. ఉరుముకి గుడ్లు మురిగిపోతాయి. గడ్డి కింద ఇనుముంటే ఏం కాదు."

ఇంట్లో ఇనప ముక్క అంటే తలుపు వెనక తగిలించిన జడ్సన్ సంచి. మే నెల నుంచి దాన్ని ఎవరూ ముట్టలేదు. చెయ్యి పెట్టి చేతికందిన స్పానర్ తీశాను. గ్రీజు ఇంకా ఉంది. జైతూన్‌బీ దాన్ని అందుకొని కొంగుతో తుడిచింది.

"జడ్సన్‌దా?"

"ఊఁ."

"మంచి బరువుండాది" అని గడ్డి కింద పెట్టింది. గుడ్లు పేర్చి పెట్టను కూర్చోబెట్టింది. అది రెండుసార్లు రెక్కలు సర్దుకొని కళ్ళు మూసుకొంది. "రోజుకు ఒకసారి దిగుతాది. నీళ్ళు, నూకలు పెట్టు. మూడు వారాలు. నువ్వు ఇట్టాగే ఉండు, మాట్లాడబాక" అని నవ్వి వెళ్ళిపోయింది.

ఇక్కడ సైఫుల్లా సంగతి చెప్పాలి. అతను భార్య కౌసర్‌తో గూడూరులో ఉంటూ నిమ్మకాయల మండీకి వ్యాను తోలుతాడు. మంచివాడు. కిందటి ఏడు తల్లి దొడ్లో జారిపడి మోకాలు పట్టుకుపోయినప్పటి నుంచి ఆమెను గూడూరు తీసుకుపోతానని ఒకటే పోరు.

"మేడ మీద రెండు గదులమ్మా. కౌసర్ నిన్ను కాలు కింద పెట్టనియ్యదు."

"మీ మేడ మీద నా కోళ్ళు యాడ తిరుగుతాయి?"

"ఇంకా కోళ్ళెందుకమ్మా నీకు?"

చివరికి ఒకరోజు ఆమె తేల్చి చెప్పింది. "నాకు కోళ్ళు ఉన్నన్ని దినాలు ఈ వీధి వదలను. కోడి లేని రోజున నువ్వు పిలవనక్కర్లా, నేనే వచ్చి నీ వ్యానెక్కుతా. మాట ఇస్తుండా." సైఫుల్లా సరేనన్నాడు. గోడకు ఇవతల గిన్నెలు తోముతున్న నాకూ ఊపిరి ఆడింది. ఆమె దొడ్లో కోడి లేని రోజు ఒకటి వస్తుందని ఎవరు అనుకుంటారు?

మా ఇంట్లో ఎర్ర పెట్ట కూర్చున్న నాలుగైదు రోజులకు సైఫుల్లా వచ్చాడు. తల్లిని నొప్పించానని అనుకున్నాడో ఏమో, గూడూరు సంత నుంచి ఒక నెమలిరంగు పుంజును నిమ్మకాయల బుట్టలో పెట్టి తెచ్చాడు. వీధి వీధంతా వచ్చి చూసింది. అంత అందమైన పుంజు.

కొత్త కోడి వస్తే దాన్ని మందలో కలపకూడదు. దూరంగా వేరే గంప కింద రెండు మూడు వారాలు ఉంచి, జబ్బు లేదని తేలాకే వదలాలి. ఇది మాకందరికీ నేర్పిందే జైతూన్‌బీ. మాల్యాద్రి ఒకసారి తొందరపడితే నడివీధిలో నిలబెట్టి తిట్టింది. ఆ రోజు కూడా ఆమె గంప తెచ్చింది. నేను గోడ మీదుగా చూస్తూనే ఉన్నాను. తెచ్చి, కొడుకు ముఖంలోకి చూసింది. అతను పిల్లవాడిలాగా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. కొడుకు చేతులతో తెచ్చినదాన్ని ఆ ముఖం ముందే గంప కింద మూయడానికి ఆమెకు మనసు రాలేదు. గంప గోడకు ఆనించి, పుంజును పెట్టల మధ్యలోకి వదిలింది.

వారం తిరగకముందే పుంజు మెడ వాల్చింది. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఎగశ్వాస. కొక్కెర తెగులు. మోకాలి నొప్పితో ఆ ఏడు కోళ్ళకు చుక్కల మందు వేయించడం కూడా వెనకపడింది.

"అమ్మణ్ణీ, గోడ కాడికి రాబాక. ఆడే నిలబడి విను" అన్నది నన్ను పిలిచి. "కొక్కెర వచ్చింది. ఎవురూ కోళ్ళని బయటికి వదలొద్దు. నా దొడ్లోకి ఎవురూ రావొద్దు, నేను యాడికీ పోను. మన కాళ్ళతోనే పోతాది ఇది. పోయి అందరికీ చెప్పు."

"నేనా?"

"ఇంకెవురుండారు ఈడ? ఇంటింటికీ తిరగబాక, నీ కాళ్ళకూ అంటుకోనుంటే? వీధి మధ్య నిలబడి కేకెయ్యి."

జడ్సన్ భూస్థాపన రోజు తర్వాత నేను గొంతెత్తి ఎరగను. వీధిలోకి వచ్చి నిలబడ్డాను. మొదటిసారి అరిస్తే ఎవరూ తిరగలేదు. రెండోసారి మాల్యాద్రి టీ వడకట్టే గుడ్డ పట్టుకొనే బయటికి వచ్చాడు. "అరిచింది అబిగయీలక్కేనా?" అన్నాడు. మూడోసారికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. చెప్పాను. ఒక్కొక్క దొడ్లో గంపలు దబదబ పడ్డాయి.

పశువుల ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి, బాగున్న కోళ్ళన్నిటికీ కంట్లో చుక్కలు వేసి పోయాడు. మాల్యాద్రికి రెండు పోయాయి. మిగిలిన ఇళ్ళు నిలిచాయి. జైతూన్‌బీ దొడ్డి మాత్రం నిలవలేదు. పొద్దున లేస్తే గోడ అవతల పార చప్పుడు. గుంట తీసి, సున్నం చల్లి, కప్పెట్టేది. సాయం వస్తామంటే రానివ్వలేదు. నేను అన్నం గిన్నె గోడ మీద పెట్టి వెనక్కి పోయేదాన్ని. అప్పుడు వచ్చి తీసుకొనేది. ఐదు నెలలు నేను ఎవరికీ తలుపు తీయలేదు గదా. ఇప్పుడు ఆమె తలుపు మూసుకొంటే నాకు అన్నం దిగలేదు.

మా వంటింట్లో ఎర్ర పెట్ట కూడా ఆ దొడ్డి నుంచి వచ్చిందే. పుంజు రాకముందే వచ్చింది నిజమే, కానీ గోడ ఒక్కటే గదా మధ్యలో. కాళ్ళు కడుక్కోకుండా దాని దగ్గరికి పోయేదాన్ని కాదు. అది గంప దిగితే నా ప్రాణం దాని మెడ మీదే ఉండేది. నీళ్ళలో ముక్కు ముంచి తల పైకెత్తిందాకా ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం సముద్రం మీద నల్లగా కమ్మి ఒకటే ఉరుములు. గడ్డి కింద స్పానర్ ఉందో లేదోనని చెయ్యి పెట్టాను. పెట్ట కసిక్కున పొడిచింది. నెత్తురు వచ్చింది. ఇంత గట్టిగా పొడిచిందంటే బాగున్నట్టేలే అని, చాలా రోజుల తర్వాత నాకు నవ్వు వచ్చింది.

చివరికి ఒక పొద్దున గోడ అవతల పార చప్పుడు లేదు.

"అయిపోయినాయి అమ్మణ్ణీ" అన్నది. "సైఫుల్లాకి ఫోన్ చెయ్యి. వ్యాను తెమ్మను."

"ఇప్పుడే ఎందుకక్కా? కొన్నాళ్ళు చూసి..."

"మాట ఇచ్చినా గదా. కోడి లేని రోజు వచ్చేసింది." మా వంటింటి వైపు చూసింది. "నీ పెట్ట ఎట్టుంది?"

"కూర్చోనుంది."

"దాన్నీ, దిగిన పిల్లల్నీ నువ్వే ఉంచుకో. నా పాలు వద్దులే."

ఫోన్ చేశాను. నా చేతులతోనే నంబరు నొక్కాను. చేసి వచ్చి కోడి గంప పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె వెళ్ళిపోతే ఆ గోడ అవతల ఇంక ఎవరూ అమ్మణ్ణీ అని పిలవరు. నాకు తెలిసింది అదొక్కటే.

వ్యాను వచ్చే రోజు తెల్లవారాక టీ పెట్టుకుంటుంటే మూల నుంచి సన్నగా కిచకిచ. పెట్ట రెక్క ఎత్తి చూశాను. తడి ఆరని పిల్ల ఒకటి, దాని వెనక ఇంకొకటి. రెండు గుడ్లు మురిగిపోయాయి, మిగిలినవన్నీ దిగాయి. అవి ఆరిందాకా అక్కడే కూర్చున్నాను. టీ మరిగి మరిగి ఇంకిపోయింది.

బయట వ్యాను హారన్ వినబడింది. వీధంతా చేరారు. తల్లి ఇనప పెట్టెను సైఫుల్లా ఎత్తి వ్యానులో పెడుతున్నాడు. జైతూన్‌బీ ఉతికిన చీర కట్టుకొని, కాళ్ళు బ్లీచింగు నీళ్ళతో కడుక్కొని, అందరికీ దూరంగా నిలబడింది.

"అయినా సైఫుల్లా, నువ్వు పుంజును తెచ్చినాకే గదా..." అని మాల్యాద్రి మొదలుపెట్టాడు.

"గాలికి వచ్చింది" అన్నది జైతూన్‌బీ, అతను మాట పూర్తిచేయకముందే. "గాలికి వచ్చినదానికి ఎవురేం చేస్తారు? నీ అంగట్లో పాలు పొంగుతుండాయి, పోయి చూసుకో."

సైఫుల్లా తల వంచుకొని పెట్టెకు తాడు కడుతున్నాడు. నేను పక్కకు వచ్చాక మెల్లగా, "పుంజు వల్లే గదా అక్కా?" అన్నాడు.

"గాలికని మీ అమ్మ చెప్పింది గదా నాయనా."

"మా అమ్మ అబద్ధం చెప్పేటప్పుడే గట్టిగా చెప్తాది" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను ఇంట్లోకి పోయాను. పెట్టనూ పిల్లల్నీ గంపలో సర్ది, పైన తువ్వాలు కప్పి, ఎత్తుకొని వచ్చాను. వీధి మధ్యలో దించి తువ్వాలు తీశాను.

"నీ పాలు తీసుకో అక్కా."

"నీకే ఉంచుకోమన్నా గదా."

"నువ్వు నాకు పాలుకిచ్చినావు. దానం ఇయ్యలేదు. పెట్ట నీది. పిల్లల్లో సగం నీవి. ఈ వీధిలో ఇదే గదా పద్ధతి." అంత పొడుగు మాట మాట్లాడే అలవాటు నాకు తప్పిపోయింది. అయినా చెప్పాను. "కోడి లేని రోజు వస్తే పోతానన్నావు. ఇది కోడి కాదా?"

ఆమె గంప వైపే చూస్తోంది.

మాల్యాద్రి పాల సంగతి మర్చిపోయినట్టున్నాడు. "ఆ మాటకొస్తే మా దొడ్లో మిగిలిన పెట్ట కూడా ఈమెదే గదా" అన్నాడు. చివరింటివాళ్ళు, "మా రెండూ" అన్నారు. చర్చి పక్కింటి ఆమె అప్పటికే తన పెట్టను పట్టుకొని రావడానికి పోయింది. కాసేపటికి ఇంటికొక గంప వీధిలోకి వచ్చింది. అందరికంటే చివర పేరమ్మ వచ్చింది. తలుపు సందులోంచి ముందు గంప వచ్చింది, తర్వాత ఆమె. గంప నిండా ఎదిగిన పెట్టలు, పైన ఒక పుంజు.

మాల్యాద్రి తొంగిచూశాడు. "పిల్లి ఎత్తుకపోయిందన్నావు గదా పేరమ్మా?"

"తెచ్చి ఇచ్చిందిలే" అన్నది పేరమ్మ, ఎటో చూస్తూ.

ముందు నవ్వింది జైతూన్‌బీ. అదే నవ్వు కళ్ళలో నీళ్ళయింది. కొంగుతో ముఖం తుడుచుకొని, పేరమ్మ ఒక అడుగు ముందుకు వేయడం చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడే ఆగు పేరమ్మా. బుద్ధుందా మీకు? తెగులు పోయి ఎన్నాళ్ళయిందని అన్నీ ఒక చోటికి మోసుకొస్తుండారు? ఒక ఇంటి గంప ఇంకో ఇంటి గంపకు తగలకూడదు. ఎవురివి వాళ్ళు ఇంటికి తీసుకపోండి. క్రిస్మస్ దాటిందాకా నా దొడ్లో ఈక పడకూడదు. ఆ తర్వాత ఇంటికొకటి నేనే వచ్చి ఏరుకుంటా. అమ్మణ్ణీ, దిగిన రోజే పిల్లల్ని గాల్లోకి తెస్తారా ఎవురన్నా? మూయి, మూయి."

క్రిస్మస్ దాటిందాకా అన్నది. నేనే వచ్చి అన్నది. అందరికీ అర్థమైంది. సైఫుల్లాకు కూడా అర్థమైంది.

"అయితే ఇయ్యాళ రావా అమ్మా?"

"నాకు కోళ్ళుండాయి గదరా."

అతను కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. పెట్టె దించుతుంటే లోపల ఖంగుమని చప్పుడు. చీరలున్న పెట్టె అంత చప్పుడు చేయదు. మూత ఎత్తి చూశాడు. మీద రెండు చీరలు, వాటి కింద కోళ్ళకు నీళ్ళు పెట్టే మట్టి మూకుళ్ళు, తవుడు కలిపే సత్తు గిన్నెలు.

"మేడ మీదికి ఇవి ఎందుకమ్మా తెస్తుండావు?"

"ఏమో, చేతికందినాయి, సర్దినా" అన్నది.

సైఫుల్లా నవ్వాడు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చొని, "పుంజును నేనే..." అనబోయాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టి, "గాలికిరా" అన్నది మళ్ళీ. ఈసారి మెల్లగానే అన్నది. పోయేటప్పుడు వ్యానులో ఉన్న నిమ్మకాయల బస్తా దించి ఇంటింటికీ పంచిపోయాడు. నెలకు రెండుసార్లు వస్తాడట. మోకాలికి కావలిలో డాక్టరుకు చూపించడానికి, ఏ రోజు రావాలో కూడా చెప్పిపోయాడు.

ఆ సాయంత్రం గంపలోంచి స్పానర్ తీసి, కడిగి, సంచిలో పెట్టబోతుంటే గోడ అవతల నుంచి పిలుపు.

"అమ్మణ్ణీ, ఆ ఇనుము సంచిలో పెట్టబాక. పేరమ్మ పెట్ట గుడ్ల మీద కూచోనుంది. దానికి కావాల."

ఇచ్చి వచ్చాను. పేరమ్మ గంప నుంచి అది చర్చి పక్కింటికి పోయింది. క్రిస్మస్ దాటాక జైతూన్‌బీ చెప్పినట్టే ఇంటింటికీ తిరిగి ఒక్కొక్క పెట్టను ఏరుకొంది, ఈసారి అన్నిటికీ చుక్కలు వేయించి, వేరువేరు గంపల కింద మూసి ఉంచింది. స్పానర్ ఇప్పుడు మాల్యాద్రి ఇంట్లో ఉంది. ఆ ఇంట్లో మొగుడూ పెండ్లాం గోలకు పెట్ట నిలుస్తుందో లేదో రేపు పోయి చూసి రావాలి. ఎటూ నూకలు కూడా అడగాలి.